తూము తలుపు దగ్గర విన్న చప్పుడు: మహ్లాన్ డీలాంగ్ పరిశోధన జీవితం



ఇంట్లో పెద్దాయన చెయ్యి వణకడం మొదలవుతుంది. నడుస్తుంటే కాలు నేలకు రాసుకుంటుంది. మాట లోగొంతుకలోకి దిగిపోతుంది. చొక్కా గుండీ పెట్టుకోవడమే ఒక పెద్ద పనైపోతుంది. అప్పుడు ఇంటిల్లిపాదీ అనే మాట ఒకటే: నరాల బలహీనత. ఆ మాటతోపాటే పాలు, గుడ్లు, బలానికి మాత్రలు ఇంట్లోకి వస్తాయి. మనవాళ్లను తప్పుపట్టడానికి ఈ మాట ఎత్తలేదు. 1817లో లండన్‌లో ఈ జబ్బును మొదటిసారి వివరంగా వర్ణించిన జేమ్స్ పార్కిన్సన్ కూడా కండరాల బలం తగ్గుతుందనే రాశాడు. రోగుల్లో నిజానికి బలం పోవడం లేదని గమనించి, దీన్ని పక్షవాతాల జాబితాలోంచి తప్పించి, పార్కిన్సన్ పేరే పెట్టినవాడు ఆ తరువాతి కాలపు ఫ్రెంచి వైద్యుడు షార్కో. ఆయన చూసిందాన్ని ఇవాళ ఎవరైనా చూడవచ్చు. గుమ్మం దగ్గరికి రాగానే కాళ్లు నేలకు అతుక్కుపోయి కదలలేని మనిషి ముందు అడుగడుగుకూ అడ్డంగా సుద్దగీతలు గీయండి. వాటిని ఒక్కొక్కటిగా దాటుకుంటూ వెళ్లిపోతాడు. లేని బలం గీత గీస్తే రాదు. కదలిక లోపలే ఉంది, దాని ముందు ఏదో అడ్డం పడి ఉంది. ఆ అడ్డం ఎక్కడుందో, దాన్ని ఎత్తడం ఎలాగో తేల్చిన పరిశోధకుల్లో ముందు వరసలో నిలిచే పేరు మహ్లాన్ డీలాంగ్. 1938లో పుట్టి 2024లో కన్నుమూసిన ఈ అమెరికన్ నాడీ శాస్త్రవేత్త జీవితాన్ని ఈ స్మారకోపన్యాసానికి అంశంగా తీసుకోవడానికి కారణం ఉంది. జబ్బుపడిన మెదడును అర్థం చేసుకోవాలంటే, జబ్బు సంగతి పక్కనబెట్టి, ఆరోగ్యంగా ఉన్న కణం ఏం చేస్తోందో ముందు ఏళ్ల తరబడి వినాలి. ఆ పనికి అడ్డదారి లేదు. ఈ మాటను నిలబెట్టడానికి డీలాంగ్ జీవితం కంటే గట్టి సాక్ష్యం నాకు కనబడలేదు.

ముందు లేమి కథ చెప్పుకోవాలి, అదీ నిజమే కాబట్టి. మెదడు అడుగున సబ్‌స్టాన్షియా నైగ్రా అనే నల్లని చార ఒకటి ఉంటుంది. ఈ జబ్బుతో చనిపోయినవారి మెదళ్లలో ఆ చార పాలిపోయి ఉంటుందని 1919లో ట్రెటియాకోఫ్ చూపించాడు. 1957లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రిసెర్పిన్ ఇచ్చాడు. అది మన సర్పగంధి వేరులోంచి తీసిన మందు. కుందేళ్లు కదలకుండా పడిపోయాయి. మెదడులో డోపమైన్ అనే రసాయనంగా మారే ఎల్-డోపా ఇస్తే లేచి తిరిగాయి. 1960లో వియన్నాలో ఎరింగర్, హార్నికీవిచ్ చనిపోయిన రోగుల మెదళ్లను పరీక్షించి, స్ట్రయేటమ్ అనే భాగంలో డోపమైన్ బాగా అడుగంటిందని కనుగొన్నారు. 1967లో జార్జ్ కోట్జియాస్ పెద్ద మోతాదుల్లో డోపా ఇచ్చి మంచాన పడ్డవాళ్లను నడిపించాడు. ఇక్కడ ఒక్క మాట చెప్పకుండా ముందుకు పోలేను. దూలగొండి గింజల్లో ఈ ఎల్-డోపా ఉందని, దాన్ని విడదీసి చూపినవారు 1937లో మద్రాసులో పనిచేసిన దామోదరన్, రామస్వామి. అప్పటికి ఆ పదార్థం ఎందుకు పనికొస్తుందో ప్రపంచంలో ఎవరికీ తెలియదు. సరే, లేమి తెలిసింది, దాన్ని పూడ్చే మందు దొరికింది. ఇంకేం కావాలి అనుకున్నారు. అంతకుముందు ఇరవై ఏళ్లుగా మెదడులో చిన్న చిన్న చోట్లు కాల్చి వణుకు తగ్గించే శస్త్రచికిత్సలు జరిగేవి. మందు రాగానే అవి దాదాపు మూలపడ్డాయి. కానీ అయిదేళ్లు, పదేళ్లు గడిచేసరికి మందు తన రెండో ముఖం చూపించింది. మాత్ర వేసుకున్న గంటకు ఒళ్లంతా మెలికలు తిరిగే అదుపులేని కదలికలు, మాత్ర ప్రభావం దిగగానే మళ్లీ రాయిలా బిగుసుకుపోవడం. లేమి ఉందని చెప్పిన శాస్త్రం ఆ లేమివల్ల మెదడులో ఏం జరుగుతోందో చెప్పలేకపోయింది. నెయ్యి అయిపోయిందని తెలుసు. దీపం అలా ఎందుకు ప్రవర్తిస్తోందో తెలియదు.

డీలాంగ్ 1966లో హార్వర్డ్‌లో వైద్యపట్టా పుచ్చుకుని, 1968 ప్రాంతంలో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో ఎడ్వర్డ్ ఎవార్ట్స్ ప్రయోగశాలలో చేరారు. అంతకుముందు మెదడు కణాల చప్పుడును మత్తులో ఉన్న జంతువుల్లోనే ఎక్కువగా వినేవారు. మెలకువగా ఉండి, నేర్పిన పని చేస్తున్న కోతిలో ఒక్కొక్క కణాన్నీ విడివిడిగా వినే పద్ధతిని ఎవార్ట్స్ తీర్చిదిద్దాడు. కదలికలను శాసించే మెదడు పైపొరను ఆయన తనకు ఉంచుకున్నాడు. చిన్నమెదడు మరొకరి వాటాకు పోయింది. కొత్తగా వచ్చినవాడికి మిగిలింది బేసల్ గాంగ్లియా, అంటే మెదడు లోతుల్లో గుత్తులుగా ఉండే కణసమూహాలు. అవి ఏం చేస్తాయో ఎవరికీ సరిగ్గా తెలియదు కాబట్టే అవి మిగిలాయి. వాటిలో గ్లోబస్ పాలిడస్ అనే భాగాన్ని డీలాంగ్ ఎంచుకున్నారు. ఆనాటికి అది ఏ జబ్బుకూ మందు వెతికే పని కాదు.

ఆ పనిని కాస్త దగ్గరగా చూద్దాం. కోతి కుర్చీలో కూర్చుని ఉంటుంది. దీపం వెలిగితే చేతిలోని పిడిని నెట్టాలి లేదా లాగాలి. సరిగ్గా చేస్తే నోటికి పండ్లరసం చుక్క అందుతుంది. తల వెంట్రుక మందంలో పదో వంతు మొనగల లోహపు ఎలక్ట్రోడ్ మెదడులోకి దిగుతుంది. మెదడు కణజాలానికి నొప్పి తెలియదు. ఒక కణం పక్కకు మొన చేరినప్పుడు, ఆ కణం వెలువరించే విద్యుత్ స్పందనలు, సెకనులో వెయ్యో వంతు నిడివి ఉన్నవి, స్పీకరులో చిటపటమని వినిపిస్తాయి. తిరగమోతలో ఆవాలు చిట్లినట్టు ఉంటుంది. 1971లో అచ్చయిన వ్యాసంలో డీలాంగ్ చెప్పింది ఇదీ: పాలిడస్ బయటి భాగంలో ఎక్కువ కణాలు జోరుగా చిటపటలాడుతూ, ఉన్నట్టుండి అర సెకను అటూ ఇటూగా పూర్తిగా ఆగిపోయి, మళ్లీ మొదలుపెడతాయి. లోపలి భాగంలో కణాలు అలా ఆగవు. కోతి చేతులు ముడుచుకుని ఊరికే కూర్చున్నా సరే, సెకనుకు 60, 80 సార్లు నిర్విరామంగా మోగుతూనే ఉంటాయి. తరువాతి ఏళ్లలో జాన్స్ హాప్కిన్స్‌లో జార్గోపౌలస్, క్రచర్‌లతో కలిసి ఆ వివరాలను ఇంకా పెంచారు. చేతి కణాలు ఒకచోట, కాలి కణాలు ఒకచోట, ముఖం కణాలు వేరొకచోట. కదలిక ఎటువైపు, ఎంత దూరం, ఎంత వేగంగా అన్నదాన్నిబట్టి చప్పుడు మారడం. ఇరవయ్యేళ్ల పని అంటే ఇది. కణం తర్వాత కణం, రోజు తర్వాత రోజు.

విశ్రాంతిగా ఉన్న జంతువులో ఈ హడావిడి ఏమిటి? పాలిడస్ లోపలి భాగం పంపే సంకేతం ఎదుటి కణాన్ని లేపేది కాదు, అణచేది. అది గాబా అనే రసాయనంతో, మెదడు పైపొరకు సంకేతాలు అందించే థాలమస్‌ను పట్టి ఉంచుతుంది. అంటే బేసల్ గాంగ్లియా చివరన ఒక తూము తలుపు ఉంది, అది మామూలుగా దించే ఉంటుంది. నీళ్లు వెనక నిండుగా ఉన్నాయి. ఏ పొలానికి నీళ్లు కావాలో ఆ తూము మాత్రమే, కావలసినంత సేపు మాత్రమే లేస్తుంది. ఇది వట్టి పోలిక కాదని 1983లో హికొసాకా, వుర్ట్జ్ కంటి కదలికల్లో చూపించారు. తలుపును పట్టి ఉంచే కణాలు ఒక్క క్షణం మౌనం వహించగానే, కళ్లను తిప్పే కేంద్రం విడుదలై చూపు కొత్త వస్తువు మీదికి దూకుతుంది. కదలమని ఎవరూ గట్టిగా ఆజ్ఞాపించనక్కర్లేదు, పట్టుకున్న చెయ్యి వదిలితే చాలు. ఈ ఒక్క సంగతి అర్థమయ్యాక సుద్దగీతల ముందు నడిచే మనిషి అంత వింతగా కనబడడు.

1982లో కాలిఫోర్నియాలో ఒక విషాదం జరిగింది. దొంగచాటుగా తయారైన మత్తుమందు వాడిన యువకులు కొందరు రోజుల వ్యవధిలో ముదిరిన పార్కిన్సన్ రోగుల్లా బిగుసుకుపోయారు. ఆ మందులో కలిసిన ఎంపీటీపీ అనే కల్తీ పదార్థం డోపమైన్ కణాలను నాశనం చేసిందని విలియం లాంగ్‌స్టన్ తేల్చాడు. ఏడాది తిరక్కుండానే అదే పదార్థంతో కోతుల్లో ఈ జబ్బు నమూనా తయారైంది. అప్పటికి ప్రపంచంలో చాలా ప్రయోగశాలలకు ఆ కోతులు అందుబాటులోకి వచ్చాయి. కానీ వాటి పాలిడస్‌లో వినిపించే చప్పుడు ఎక్కువో తక్కువో చెప్పాలంటే మామూలప్పుడు ఎంత ఉంటుందో ముందు తెలియాలి. ఆ లెక్క పదేళ్ల కిందటే పుస్తకాల్లోకి ఎక్కించినవాడు డీలాంగ్. నాడి చూసే వైద్యుడు వందల ఆరోగ్యవంతుల నాడి పట్టి ఉండకపోతే, ఒక్క రోగి నాడి చూసి ఏం చెప్పగలడు? 1980ల నడిమిలో విలియం మిల్లర్‌తో కలిసి డీలాంగ్ విన్నది ఇదీ. పాలిడస్ బయటి భాగం నెమ్మదించింది, లోపలి భాగం మామూలుకంటే జోరెక్కింది. ఆ రెంటినీ కలిపే దారిలో సబ్‌థాలమిక్ న్యూక్లియస్ ఉంది. చిక్కుడు గింజంత ఉండే ఆ భాగం విపరీతంగా మోగుతోంది. డోపమైన్ పోవడంవల్ల మెదడు మూగబోలేదు, ఒక మూల గోల పెరిగింది. ఆ గోల తూము తలుపును ఇంకా కిందికి నొక్కుతోంది.

అయితే గోల పెట్టే ఆ గింజను నోరు మూయిస్తే? ఈ ప్రశ్న వేయడానికి ధైర్యం కావాలి. సబ్‌థాలమిక్ న్యూక్లియస్ పేరు వింటేనే వైద్యులు జంకే రోజులవి. అక్కడ చిన్న రక్తస్రావం జరిగినా శరీరంలో రెండోవైపు చెయ్యీ కాలూ ఆపలేనంత బలంగా విసిరి విసిరి కొట్టుకుంటాయని 1920ల నుంచీ తెలుసు. పాఠ్యపుస్తకాల్లో అది తాకరాని చోటు. డీలాంగ్, హేగై బెర్గ్‌మాన్, థామస్ విష్‌మాన్ అదే సంగతిని తిరగేసి చదివారు. ఆ గింజ దెబ్బతింటే కదలిక కట్టు తెంచుకుంటోందంటే, కదలిక కట్టుబడిపోయిన జబ్బుకు మందు అక్కడే ఉండాలి. ఎంపీటీపీతో బిగుసుకుపోయిన 2 కోతుల్లో, చుట్టుపక్కల నుంచి వెళ్లే నాడీతంతులకు హాని చేయకుండా కణాలను మాత్రమే చంపే ఐబోటెనిక్ ఆమ్లాన్ని ఆ గింజలోకి ఎక్కించారు. ఎదుటివైపు చేతికాళ్లలో వణుకు, బిగుతు, కదలలేనితనం మూడూ తగ్గాయి. డోపమైన్ ఒక్క బొట్టు కూడా తిరిగి రాలేదు. కొరత కొరతగానే ఉంది, జంతువు మాత్రం కదులుతోంది. 1990 సెప్టెంబరులో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఆ వ్యాసం కొద్ది పేజీలది. పార్కిన్సన్ లక్షణాలు లేమివల్ల నేరుగా రావడం లేదు, లేమి రేపిన గోలవల్ల వస్తున్నాయి అన్న వాదనకు అంతకంటే సూటి రుజువు ఊహించలేం. ఆ మరుసటి ఏడే ఇంగ్లండులో అజీజ్, క్రాస్‌మన్ బృందం విడిగా అదే ఫలితం చూపింది.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది, తీసిపారేయదగ్గది కాదు. ఇందులో డీలాంగ్ గొప్పతనం ఎంత, అదృష్టం ఎంత? కాలిఫోర్నియా ప్రమాదం లేకపోతే నమూనా లేదు. డోపమైన్, కదలికను విడిచే ప్రత్యక్ష దారి, అణచే పరోక్ష దారి అనే రెండింట్లో ఎదురెదురుగా పనిచేస్తుందన్న సిద్ధాంతాన్ని 1989లోనే మిషిగన్‌లో ఆల్బిన్, యంగ్, పెన్నీ శరీర నిర్మాణాన్ని, రసాయనాలను ఆధారం చేసుకుని రాశారు. ఇవాళ రోగుల్ని నిలబెడుతున్న లోతు మెదడు ఉద్దీపన చికిత్స అంతకుముందే 1987లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో పుట్టింది. అలీం లూయీ బెనాబిడ్ అనే శస్త్రవైద్యుడు థాలమస్‌లో కాల్చబోయే చోటును సరిచూసుకోవడానికి విద్యుత్ ఇస్తుంటే, సెకనుకు వంద ప్రాంతంలో స్పందనలు అందగానే వణుకు ఆగిపోయింది. కాల్చకుండానే పని జరిగింది. ఇవన్నీ నిజాలే. కానీ బెనాబిడ్ ఉద్దీపన అప్పటికి వణుకును మాత్రమే ఆపేది. మనిషిని నిజంగా కట్టిపడేసే నిదానమూ బిగుతూ అలాగే ఉండేవి. విద్యుత్ ఇచ్చే తీగను థాలమస్ నుంచి తీసి ఎక్కడ పెట్టాలో చెప్పింది 1990 నాటి వ్యాసం. 1993లో గ్రెనోబుల్ బృందం మొదటిసారి ఒక రోగికి సబ్‌థాలమిక్ న్యూక్లియస్‌లో తీగ అమర్చింది, 1995లో ఫలితాలు ప్రకటించింది. ప్రమాదం పనిముట్టును ఇచ్చింది, వినికిడి చోటును ఇచ్చింది. 2014లో లాస్కర్ పురస్కారాన్ని బెనాబిడ్, డీలాంగ్ ఇద్దరికీ కలిపి ఇచ్చినప్పుడు ఆ పంపకం సరిగ్గానే జరిగిందని నా అభిప్రాయం. అప్పటికే లక్షమందికి పైగా ఈ చికిత్స అందింది. అదృష్టం మాట కూడా తేల్చేద్దాం. ఎంపీటీపీ కోతులు అందరికీ దొరికాయి. పదేళ్ల చప్పుళ్ల లెక్క కొద్దిమంది దగ్గరే ఉంది.

రెండో అభ్యంతరం ఇంతకంటే లోతైనది: ఆ సిద్ధాంతమే తప్పు కదా? తూము తలుపు ఎంత నొక్కితే కదలిక అంత తగ్గుతుందన్న లెక్క నిజమైతే, పాలిడస్ లోపలి భాగాన్ని కాల్చినప్పుడు అదుపులేని కదలికలు పెరగాలి. శస్త్రచికిత్స గదుల్లో సరిగ్గా దీనికి విరుద్ధంగా జరుగుతోంది. డోపా మాత్రలతో వచ్చే మెలికల కదలికలు పాలిడస్‌ను కాల్చగానే మాయమవుతాయి. థాలమస్‌ను కాల్చితే రోగి ఇంకా బిగుసుకుపోవాలి, అదీ జరగదు. 1994లో మార్స్‌డెన్, ఒబెసో ఈ వైరుధ్యాలను వరసపెట్టి అడిగారు. కాంతితో కణాలను లేపే కొత్త పద్ధతి వచ్చాక 2010లో ఎలుకల్లో చూస్తే, పరోక్ష దారి కణాలను లేపగానే జంతువు బిగుసుకుంది, ప్రత్యక్ష దారి కణాలను లేపగానే తిరిగి కదిలింది. సిద్ధాంతం అక్షరాలా నెగ్గినట్టే అనిపించింది. మూడేళ్లు తిరగ్గానే మరో బృందం మామూలు ఎలుకల్లో చూస్తే, కదలిక మొదలయ్యేటప్పుడు రెండు దారులూ కలిసే మోగుతున్నాయి. కాబట్టి ఒకటి లేస్తే మరొకటి పడుకుంటుందన్న తక్కెడ బొమ్మ సరిపోదు. ఒప్పుకుందాం. అయితే దాన్ని సరిదిద్దే ఆధారం ఎక్కడ నుంచి వచ్చిందో చూడండి. 1994లో బెర్గ్‌మాన్, విష్‌మాన్, డీలాంగ్ తమ రోగగ్రస్త కోతుల సబ్‌థాలమిక్ కణాల్లో జోరు పెరగడంతోపాటు ఇంకో తేడా రాశారు. అవి గుంపులు గుంపులుగా, లయ కట్టి మోగుతున్నాయి. ఆరోగ్యంగా ఉన్న పాలిడస్‌లో పక్కపక్క కణాలు కూడా దేని మాట దానిదిగా ఉంటాయని, జబ్బులో కూడబలుక్కున్నట్టు ఒకేసారి మోగుతాయని బెర్గ్‌మాన్ ఆ తరువాత జెరూసలేంలో చూపించాడు. సంతలో వందమంది ఎవరి బేరం వాళ్లు ఆడుకుంటుంటే వ్యాపారం సాగుతుంది. ఆ వందమందీ ఒకే నినాదం ఎత్తుకుంటే అక్కడ ఏ బేరమూ తెగదు. మనుషుల్లో తీగల ద్వారా విన్నప్పుడు సెకనుకు 13 నుంచి 30 మధ్య ఉండే బీటా లయ ఎక్కువైనకొద్దీ నిదానం, బిగుతు ఎక్కువవుతాయని 2000 తర్వాత పీటర్ బ్రౌన్ తదితరులు చూపారు. దాంతో కాల్చడంవల్ల మెలికలు పెరగకపోవడం కూడా అర్థమవుతుంది. చెడ్డ లయ కంటే ఏ లయా లేకపోవడం మేలు, మిగతా మెదడు సర్దుకుపోగలదు. మొదటి బొమ్మ మోటుగా ఉన్న మాట నిజం. దాన్ని దిద్దింది ఎవరి ఊహో కాదు, ఇంకా శ్రద్ధగా వినడమే. డీలాంగ్ కూడా తన తొలి బొమ్మకు అంటిపెట్టుకోకుండా తరువాతి వ్యాసాల్లో దాన్ని తానే మార్చుకుంటూ పోయారు.

ఈ పని పార్కిన్సన్ దగ్గరే ఆగలేదు. 1986లో అలెగ్జాండర్, పీటర్ స్ట్రిక్‌లతో కలిసి డీలాంగ్ రాసిన వ్యాసం గురించి రెండు మాటలు. బేసల్ గాంగ్లియా గుండా పోయే దారులన్నీ కలగాపులగమైపోవని, కదలికకు, కళ్లు తిప్పడానికి, ఆలోచనకు, భావోద్వేగాలకు విడివిడిగా అయిదు వలయాలు పక్కపక్కనే తిరుగుతాయని అందులో ప్రతిపాదించారు. కాలువలన్నీ ఒకే చెరువు కట్ట కింద నుంచి పోతున్నా దేని ఆయకట్టు దానిది. మెడలూ చేతులూ మెలితిరిగే డిస్టోనియాకు, చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే మానసిక బాధకు కూడా లోతు ఉద్దీపన ప్రయత్నించవచ్చన్న ఊహకు ఒక మూలం అక్కడ ఉంది.

జంతువుల మాట దాటవేయలేను. ఆరోగ్యంగా ఉన్న కోతికి విషం ఎక్కించి, కదలలేకుండా చేసి, ఆ బాధను కొలవడం తేలిక పని కాదు, తేలిగ్గా సమర్థించదగ్గదీ కాదు. ఈ మేలంతా మనుషులకు, ఆ భారమంతా కోతులకు. ఈ అభ్యంతరానికి నేను చెప్పగలిగింది పూర్తి జవాబు కాదు. సబ్‌థాలమిక్ న్యూక్లియస్‌ను తాకితే ఏమవుతుందో ముందు మనిషిలో చూడడానికి ఏ వైద్యుడికీ హక్కు లేదు. అప్పటికి ఉన్న జ్ఞానం ప్రకారం అది రోగిని మరింత అధోగతి పాలుచేసే చోటు. ఎలుకలో ఎంపీటీపీ మనిషిలోలా పనిచేయదు. ఆ తొలి రుజువుకు సరిపోయింది 2 జంతువులు. ప్రశ్న పదునుగా ఉంటే ప్రాణాలు తక్కువ ఖర్చవుతాయి. ఆ పదును ఏళ్ల తరబడి ఆరోగ్యవంతమైన కణాలను వినడంవల్ల వచ్చింది. ఏం వెతుకుతున్నారో తెలియని ప్రయోగాలే జంతువులను ఎక్కువగా వృథా చేస్తాయి.

చివరి అభ్యంతరం రోగి కుటుంబం నుంచి వస్తుంది, అది అన్నిటికంటే బరువైనది. ఇంతా చేసి జబ్బు తగ్గిందా? తగ్గలేదు. తీగ పెట్టినా, పెట్టకపోయినా డోపమైన్ కణాలు రాలిపోతూనే ఉంటాయి. మింగడం, నిలకడ, జ్ఞాపకం దెబ్బతింటే ఈ చికిత్స పెద్దగా ఆదుకోదు. మలబద్ధకం, వాసన తెలియకపోవడం, నిద్రలో కలవరింతలు వణుకుకంటే ఏళ్ల ముందే మొదలవుతాయి. వాటికి తూము తలుపుతో సంబంధం లేదు. పైగా పరికరానికి లక్షల రూపాయలు కావాలి. రోజుకూలీ ఇంట్లో ఈ జబ్బు వస్తే మాత్ర తప్ప గతి లేదు, ఆ మాత్ర కూడా వేళకు అందదు. ఇదంతా నిజం, దీన్ని తగ్గించి చెప్పే ఉద్దేశం నాకు లేదు. కణాలు ఎందుకు చనిపోతున్నాయో వెతికే పని వేరే దారిలో నడుస్తోంది. 1997లో ఆల్ఫా సిన్యూక్లియిన్ జన్యువులో మార్పు దొరకడంతో ఆ దారి తెరుచుకుంది. 2025లో మూలకణాల నుంచి తయారుచేసిన డోపమైన్ కణాలను రోగుల మెదళ్లలో నాటిన రెండు చిన్న ప్రయోగాల ఫలితాలు వచ్చాయి. అవి సురక్షితమేనన్నంత వరకు ఆశ కలిగించాయి. కానీ ఆ నాటిన కణం నిజంగా పనిచేస్తోందా లేదా అని తేల్చాలంటే అది ఎంత డోపమైన్ తయారుచేస్తోందో చూస్తే చాలదు. అది సబ్‌థాలమిక్ న్యూక్లియస్‌లోని గోలను తగ్గిస్తోందో లేదో కూడా వినాలి. లేమిని పూడ్చే దారి కూడా తిరిగి తిరిగి డీలాంగ్ కూర్చున్న స్పీకరు దగ్గరికే వస్తుందని నా నమ్మకం. ఖర్చు విషయానికి వస్తే అది శాస్త్రం లోపం కాదు, పంపకం లోపం. డోపా మందుగా వచ్చిన కొత్తలో అదీ గ్రాముల లెక్కన దొరికే ఖరీదైన వస్తువే, ఇప్పుడు ఊరి మందుల దుకాణంలో ఉంది. పరికరాలకూ ఆ రోజు రావాలని అడగడం మన పని, మన ప్రభుత్వాల పని.

డీలాంగ్ 1990లో అట్లాంటాలోని ఎమొరీ విశ్వవిద్యాలయానికి వెళ్లి నాడీవైద్య విభాగాన్ని నడిపారు. అక్కడ జెరాల్డ్ విటెక్‌తో కలిసి కోతుల దగ్గర నేర్చిన వినికిడిని శస్త్రచికిత్స గదిలోకి తెచ్చారు. హైదరాబాద్ నిమ్స్‌తో సహా మన దేశంలో ఈ చికిత్స చేసే ఆసుపత్రుల్లో ఆ పద్ధతి ఇవాళ నిత్యకృత్యం. రోగి మెలకువగానే ఉంటాడు. ఆ పూట మాత్ర వేయరు కాబట్టి చెయ్యి బిగుసుకుని ఉంటుంది, వణుకుతూ ఉంటుంది. చిన్న రంధ్రం గుండా ఎలక్ట్రోడ్ మిల్లీమీటరు, అర మిల్లీమీటరు చొప్పున దిగుతుంది. థాలమస్ దాటుతున్నప్పుడు అక్కడొకటి అక్కడొకటిగా చిటపటలు. తర్వాత కొంత దూరం దాదాపు నిశ్శబ్దం. అందరూ ఊపిరి బిగబట్టి వింటారు. ఇంకొంచెం దిగగానే ఒక్కసారిగా స్పీకరు నిండా హోరు, తిరగమోత గరిటె నిండా ఆవాలు ఒకేసారి పేలినట్టు. సబ్‌థాలమిక్ న్యూక్లియస్ వచ్చింది. ఒక వైద్యుడు రోగి మణికట్టును పట్టుకుని మెల్లగా అటూ ఇటూ ఆడిస్తాడు. ఆ ఆడింపుకు తగ్గట్టు హోరు ఎగసి తగ్గుతుంటే చేతి కణాల మధ్యన ఉన్నట్టు. ఆ చోటును కాగితం మీద గుర్తుపెట్టుకుని, వినే ఎలక్ట్రోడ్‌ను తీసి, శాశ్వతంగా ఉండే తీగను అక్కడికే దింపుతారు. సెకనుకు 130 స్పందనల చొప్పున విద్యుత్ ఇస్తారు, వోల్టేజి కొద్దికొద్దిగా పెంచుతారు. “చెయ్యి మూసి తెరవండి” అంటాడు వైద్యుడు. వేళ్లు మొదట ఇరుక్కుని, ఒకదాన్నొకటి తోసుకుంటూ కదులుతాయి. ఇంకొంచెం పెంచుతారు. “మళ్లీ తెరవండి.” వేళ్లు విచ్చుకుంటాయి, ముడుచుకుంటాయి, విచ్చుకుంటాయి.